తొక్కు, వదులు

ఈ మధ్య కుర్ర మెకానిక్కులు కారు బ్రేకు చూడమంటే ముందు స్కానర్ తగిలిస్తున్నారు. తప్పని అనను. నేను పని మొదలుపెట్టిన నాడే ఆ పెట్టె ఉండి ఉంటే కార్ల కింద పాకి పాకి నా మోకాళ్ళు ఇంత తొందరగా అరిగేవి కావు. కానీ ఆ పెట్టె బ్రేకు సంగతి చెబుతుంది గాని, బ్రేకు మీద ఉండే కాలి సంగతి చెప్పదు. ఆత్మకూరు బస్టాండు వెనక రేకుల షెడ్డులో జీవితమంతా బ్రేకులు విప్పి బిగించిన నాకే ఆ కాలి సంగతి తెలిసేసరికి షెడ్డు మూసి ఇంట్లో కూర్చునే వయసు వచ్చింది. మీకు కాస్త ముందుగా తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

మా పక్క కారు తోలే వాళ్ళందరికీ ఒక గురువు ఉండేవాడు. ఉదయగిరిలో మిరపకాయలు, చింతపండు టోకున అమ్మే ఒక శెట్టిగారింట్లో డ్రైవరు. నాకంటే బాగా పెద్దవాడు, నేను అన్నా అనేవాడిని. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, ఒరే అన్నది ఎక్కువ. సన్నటి మనిషి, మాట కూడా సన్నగానే ఉండేది. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు, మిగిలిన రోజులన్నీ ఖాకీ చొక్కాయే. తాళం తిప్పబోయే ముందు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. శెట్టిగారి తల్లి, ఊరంతా అవ్వ అని పిలిచే ఆమె, అదే కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది. ఆయన కళ్ళు తెరిచి ఆమెన్ అనేదాకా ఆమె ఆగేది, ఆమె నిమ్మకాయలు సర్దేదాకా ఆయన ఆగేవాడు. "మీ కారుకు రెండు పార్టీల మద్దతు ఉంది, ఇంక నా దగ్గరికెందుకు తెస్తారు?" అని నేను ఎగతాళి చేసేవాడిని.

ఉదయగిరిలో, కలిగిరిలో, కొండాపురంలో టాక్సీలు తోలిన వాళ్ళలో సగం మంది ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. నాకూ తోలడం నేర్పింది ఆయనే. గేర్లు, క్లచ్చు ఎవరైనా నేర్పుతారు. ఆయన నేర్పింది బ్రేకు.

"బ్రేకును అడగాల రా, బెదిరించగూడదు. తొక్కు, వదులు. తొక్కు, వదులు" అనేవాడు.

దానికి కారణం ఉంది. పాత బండ్లలో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో ఉన్న బ్రేక్ ఆయిల్ సన్నటి గొట్టాల గుండా చక్రాల దగ్గరికి తోసుకుపోతుంది. అక్కడ షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడికే బండి ఆగేది. కంగారులో ఒక్కసారిగా బలమంతా పెట్టి తొక్కామనుకోండి, చక్రం బిగుసుకుపోతుంది. చక్రం ఆగినంత మాత్రాన బండి ఆగదు. తడి రోడ్డయితే అలాగే జారుకుంటూ పోతుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా మాట వినదు. అందుకని తొక్కి, చక్రం బిగుసుకోబోతుండగా వదిలి, మళ్ళీ తొక్కాలి. ఎప్పుడు వదలాలో కాలికి తెలియాలి. అన్న కాలికి తెలిసినట్టు ఇంకెవరి కాలికీ తెలియదు.

ఆ కాలి విలువ నాకు ఒక ఘాటు రోడ్డులో తెలిసింది. నాకు అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు. సీతారామపురం అవతల కొండల్లో శెట్టిగారి జీపు మొరాయిస్తే నన్ను పిలిపించారు. బాగు చేసి, చింతపండు మూటలతో తిరిగి వస్తున్నాం. దిగుడు సగంలో ఉండగా అన్న బ్రేకు తొక్కాడు, పెడల్ నేలకు అంటుకుంది. వెనక చక్రం దగ్గర ఆయిల్ కారిపోయిందని తర్వాత చూస్తే తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, నా వైపు లోయ ఉందని.

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. గేరు కిందికి దించాడు. కాలు మాత్రం తొక్కుతూ, వదులుతూ, తొక్కుతూ, వదులుతూ ఉంది. అలా కొట్టగా కొట్టగా గొట్టాల్లో మిగిలిన కాస్త ఆయిల్‌కు ఎక్కడో కొంచెం పట్టు దొరికింది. ఆ కొంచెం పట్టుతో జీపును కొండవైపు గట్టుకు ఒరుసుకునేటట్టు తిప్పి ఆపాడు. నేను దిగలేకపోయాను. ఆయన దిగి, బీడీ వెలిగించి, నా వైపు వచ్చాడు.

"తొక్కితే ఇయ్యలేదనుకో, మళ్ళా అడగాల. అంతే రా" అన్నాడు.

ఆ కాలే లేకపోతే నేను లేను, నా పిల్లలు లేరు. ఇది మనసులో పెట్టుకుని మిగిలింది చదవండి.

ఏళ్ళు గడిచాయి. జీపు పోయింది, ఒకదాని తర్వాత ఒకటి కార్లు వచ్చాయి. అన్న తల నెరిసింది. శెట్టిగారికి కూడా నెరిసింది. ఆఖరికి ఏబీఎస్ ఉన్న కొత్త కారు కొన్నారు. ఇప్పటి పిల్లలకు అది ఒక విషయమే కాదు, ఏ కారులోనైనా ఉంటుంది. మా పక్క అప్పట్లో కొత్త. చక్రం బిగుసుకోబోతుందని తెలియగానే కారే ఆ చక్రానికి బ్రేకు వదులుతుంది, మళ్ళీ పడుతుంది, మళ్ళీ వదులుతుంది. మనిషి కాలికి అందనంత వేగంగా చేస్తుంది. అలా చేసేటప్పుడు పెడల్ కాలి కింద అదురుతుంది, గరగరమని చప్పుడు వస్తుంది. అది చెడిపోయిందని కాదు, పనిచేస్తోందని గుర్తు. అప్పుడు డ్రైవరు చేయాల్సిందల్లా గట్టిగా తొక్కి పట్టి, కాలు ఎత్తకుండా, స్టీరింగ్ చూసుకోవడం. కాలు ఎత్తితే బ్రేకే పోతుంది.

ఇదంతా నేను అన్నకు షెడ్డు ముందర బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాను. టీ తాగుతూ విన్నాడు.

"అంటే నేను చేసే పని అది చేస్తాది."

"అవునన్నా."

"మరి నేనేం చెయ్యాల?"

"నువ్వు బెదిరించాలన్నా. అడగడం అది చూసుకుంటాది."

ఆయన చాలాసేపు నవ్వాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారే, అది నా కాలికి చెప్పు" అన్నాడు.

నవ్వినా విషయం తేలిగ్గా తీసుకోలేదు. నేర్పమని ఆయనే అడిగాడు. నా చేత నేర్పించుకోవడం ఆయన చిన్నతనం అనుకోలేదు. ఆత్మకూరు బయట ప్లాట్లు వేసి, అమ్ముడుపోక పడున్న లేఅవుట్ ఒకటి ఉండేది. రోడ్లు మాత్రం నున్నగా వేశారు. తెలిసిన ట్యాంకరు వాడిని బతిమాలి ఆ రోడ్డు మీద నీళ్ళు చల్లించాను. అన్న వేగంగా వస్తాడు, నేను పక్కన కూర్చుని "ఇప్పుడు" అంటాను, ఆయన తొక్కాలి.

మొదటిసారి పెడల్ అదరగానే ఆయన కాలు చటుక్కున పైకి లేచింది.

"ఏందిరా ఇది, కాలిని తంతా ఉండాది" అన్నాడు.

"తన్ననీ అన్నా. నువ్వు మాత్రం తియ్యబాక."

రెండోసారి కాస్త నిలిచింది. తర్వాత తర్వాత పూర్తిగా నిలిచింది. గరగరమంటున్నా పళ్ళు బిగించి తొక్కి పట్టి, కారును నిటారుగా ఆపాడు. ఆ సాయంత్రం బజ్జీలు ఆయనే ఇప్పించాడు. గురువుకు పాఠం చెప్పి ఒప్పించానని నాకు లోపల కొంచెం గర్వంగానే ఉంది. ఒక్క సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ప్రతిసారీ "ఇప్పుడు" అని నేను ముందుగా చెబుతున్నాను. రోడ్డు అలా చెప్పదు.

చాలా నెలలు ఏమీ కాలేదు. ఆయన తోలే తీరుకు గట్టిగా బ్రేకు తొక్కాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఎదురుగా ఎనుము కనపడితే అది ఏమనుకుంటోందో ఆయనకు ముందే తెలిసేది.

ఆ రోజు నెల్లూరులో అవ్వకు కంటి ఆపరేషన్ తర్వాత చూపించుకుని ఉదయగిరికి పోతూ షెడ్డు దగ్గర ఆగారు. అవ్వ నల్ల కళ్ళద్దాలతో వెనక సీట్లో దర్జాగా కూర్చుంది.

"ఇన్నాళ్ళకు నీ షెడ్డు మురికి నాకు బాగా కనపడతా ఉండాది అబ్బయ్యా" అంది నాతో.

"చూపు రాకపోయినా బాగుండేదే అవ్వా" అన్నాను. అన్న టీ తాగి గ్లాసు కడిగి పెట్టాడు, అది ఆయన అలవాటు. ఎండాకాలం పోయి మొదటి తుంపర పడుతోంది. దుమ్ము తడిసి రోడ్డు మీద పలచటి జారుడు ఏర్పడే సమయం. పోతూ చెయ్యి ఊపాడు.

నేను చేతిలో పని పూర్తి చేయకముందే ఫోను వచ్చింది.

ఊరు దాటాక ఒక మలుపు దగ్గర, పొలం బాటలోంచి గడ్డి ట్రాలీతో ఒక ట్రాక్టరు రోడ్డు మీదికి వచ్చి అడ్డంగా నిలిచిపోయింది. నేను పోయేసరికి కారు ముక్కు ట్రాలీ కింద ఉంది. గడ్డి కారు పైనంతా పడింది. అవ్వను అప్పటికే వేరే వాళ్ళ కారులో ఆత్మకూరు ఆసుపత్రికి పంపారు. వెనక సీట్లో బెల్టు పెట్టుకునే అలవాటు మనకెక్కడిది? ముందు సీటుకు కొట్టుకుని తుంటి ఎముక విరిగింది. అన్నకు చిన్న గీత కూడా పడలేదు. ఆయన రోడ్డు పక్కన తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"ఆపేవాణ్ణి రా. తన్నింది. కాలు లేసింది" అన్నాడు నన్ను చూడగానే.

నేను రోడ్డు వంక చూశాను. అంత దూరంలో ట్రాక్టరు కనపడ్డాక, ఆ వేగంలో, కాలు ఎత్తకుండా ఉంటే కారు ట్రాలీ ముందు ఆగేది. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన కాలు ఏం చేసిందో కూడా మా ఇద్దరికీ తెలుసు. పెడల్ అదరగానే వదిలింది, మళ్ళీ తొక్కింది, మళ్ళీ వదిలింది. ఘాటులో నన్ను కాపాడిన పనే అది.

కారును నా షెడ్డుకు లాక్కొచ్చారు. మర్నాడు శెట్టిగారు వచ్చారు. వెనక అన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను అప్పటికే చక్రాలు విప్పి చూశాను, పక్క షెడ్డు స్కానర్ తెచ్చి కూడా చూశాను. బ్రేకుల్లో ఏ లోపమూ లేదు.

శెట్టిగారు మంచి మనిషి. తల్లి ఆసుపత్రిలో ఉన్నా ఆయన కోపం డ్రైవరు మీద లేదు. నన్ను పక్కకు పిలిచాడు గాని, ఆ షెడ్డులో పక్క అనేది ఎక్కడుంది? అన్నీ అన్నకు వినపడుతూనే ఉన్నాయి.

"బ్రేకు ఫెయిలయిందని ఒక్క మాట చెప్పు. ముసలోడికి కారిచ్చినావని ఇంట్లో అందరూ నా మీద పడతా ఉండారు. బ్రేకే పోయిందంటే నోళ్ళు మూస్తారు. ఆయన్ని ఎట్లా తీసేసేది నేను? చిన్నప్పుడు నన్ను బడికి దించినోడు."

అవునంటే అన్న సీటు నిలుస్తుంది. ఆయనకు ఆ సీటు తప్ప ఇంకో బతుకు లేదు. ఎవరికీ నష్టం లేని అబద్ధంలాగే కనపడింది. నోరు తెరిచేవాడినే.

అన్న లోపలికి వచ్చాడు.

"బ్రేకు బాగుండాది సామీ. నా కాలే లేసింది" అన్నాడు.

"నువ్వుండు. మెకానిక్కును చెప్పనీ."

"వాడు అట్లా చెప్పగూడదు సామీ. రేపు ఈ కారు ఇంకొకడు తోలతాడు. ఈ బ్రేకు ఒకసారి పోయిందంట అని వాడు వింటాడు. ఇంక దాన్ని నమ్మడు. నమ్మకపోతే అది అదిరినప్పుడు వాడి కాలు గూడా లేస్తాది."

శెట్టిగారు నా ముఖం చూశాడు. నేను తల ఊపాను. బ్రేకు బాగుందని చెప్పాను.

అన్న జేబులోంచి తాళం తీసి శెట్టిగారి చేతిలో పెట్టాడు. వద్దని ఆయన ఎంత చెప్పినా వినలేదు. గోడౌనులో తూకం దగ్గర కూర్చోమన్నారు, ఒప్పుకోలేదు. ఆ రోజు తర్వాత అన్న డ్రైవరు సీట్లో కూర్చోలేదు. ఆయన్ని ఎవరూ తీసేయలేదు. తీసేసి ఉంటే ఎవరినైనా తిట్టుకుని నా బాధ తీర్చుకునేవాడిని.

అవ్వ సంగతి ఇంకా కష్టం. ఆసుపత్రి నుంచి పంపించే రోజు "వాడేడీ, వాడు తోలితేనే నేను ఇంటికి పొయ్యేది" అని మొండికేసింది. కబురు పంపితే ఆయన వచ్చాడు, మంచం పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు, కారు మాత్రం ఎక్కలేదు. చివరికి ఆమెను ఆంబులెన్సులో తీసుకుపోయారు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె ఇంకొకరు తోలే కారు ఎక్కలేదు. అంటే ఇల్లు దాటలేదన్నమాట. అన్న రోజూ సాయంత్రం నడిచిపోయి ఆమెను పలకరించి వచ్చేవాడు. చర్చిలో గంట కొట్టడం, ఊడ్వడం తన పనిగా పెట్టుకున్నాడు. ఎప్పుడైనా ఎవరి బండిలోనైనా పక్క సీట్లో కూర్చుంటే, ముందర ఏదైనా అడ్డం వచ్చినప్పుడు ఆయన కుడికాలు కింద పరిచిన చాప మీద తొక్కి వదలడం నేను చూశాను. చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

షెడ్డుకు వచ్చే కొత్త డ్రైవర్లకు నేను ఏబీఎస్ గురించి చెప్పేటప్పుడు ఆయన కథే చెప్పేవాడిని. పేరు చెప్పకుండానే చెప్పేవాడిని, అయినా అందరికీ తెలుసు. "ఎంత గొప్ప డ్రైవరైనా వయసు మీద పడితే కొత్తది ఎక్కదు నాయనా" అని ముగించేవాడిని. అది పాఠం అనుకునేవాడిని. నిజంగా వయసే కారణమని నమ్మేవాడిని.

షెడ్డు మూసేశాక ఒక సెకండ్‌హ్యాండ్ చిన్న కారు కొనుక్కున్నాను. పోయిన వానాకాలంలో నేనూ మా ఇంటామె కలిగిరిలో పెళ్ళికి బయలుదేరాం. తుంపర పడుతోంది. తుమ్మచెట్ల వెనక నుంచి గొర్రెల మంద ఒకటి రోడ్డు పక్కకు వచ్చింది. వేగం తగ్గిస్తూ ఉన్నాను. అంతలో ఒక గొర్రె మంద వదిలి రోడ్డు మధ్యకు దూకింది.

తొక్కాను. పెడల్ గరగరమంటూ అదిరింది. నా కాలు లేచింది.

ఎత్తాలని నేను అనుకోలేదు. ఆ క్షణంలో నేను ఏమీ అనుకోలేదు. వందల మందికి ఎత్తొద్దని చెప్పిన నోరు నాదే, ఆ యంత్రాన్ని విప్పి లోపలి వాల్వులు చూసిన చేతులూ నావే. కాలు మాత్రం నా మాట వినలేదు. అది అన్న పక్కన కూర్చుని నేర్చుకున్న కాలు. తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కింది. కారు ఆగాల్సిన చోటు దాటిపోయింది. గొర్రె అప్పటికి అవతలి పక్కకు గెంతి, ఏమీ జరగనట్టు గడ్డి కొరుకుతోంది.

"ఏమైంది, అట్లా చెమటలు పోస్తా ఉండాయే?" అంది ఇంటామె. ఏమీ లేదన్నాను. పెళ్ళిలో ఏం తిన్నానో గుర్తులేదు.

మర్నాడు ఉదయగిరి పోయాను, బస్సులో. అన్న చర్చి ముందర మెట్టు మీద కూర్చుని చీపురు పుల్లలు సరిచేసుకుంటున్నాడు. చూపు తగ్గింది, నన్ను గొంతును బట్టి గుర్తుపట్టాడు. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. నా కాలు కూడా లేచిందన్నా అన్నాను. వయసనుకున్నాను, కాదన్నా అన్నాను. నీ కథ అందరికీ తప్పుగా చెప్పానని కూడా చెప్పాను. ఇప్పుడైనా శెట్టిగారి దగ్గరికి పోయి, ఆ రోజు ఆ సీట్లో నేనున్నా అదే జరిగేదని చెబుతానన్నాను.

ఆయన ఏ మాటకూ ఆశ్చర్యపోలేదు. పుల్లలు సరిచేస్తూనే ఉన్నాడు. ఒక్కటే అడిగాడు.

"ముందర ఏముండాది?"

"గొర్రె అన్నా."

"తగిలిందా?"

"లేదు. పక్కకు గెంతింది."

ఆయన చీపురుకు తాడు చుట్టి ముడి బిగించాడు.

"గొర్రె అయితే పక్కకు పోతాది రా" అన్నాడు. "ట్రాక్టరు పోదు."